ఎడమ కన్ను చెప్పిన తెలుపు

కొత్త స్క్రీన్ కొనాలన్నా, కంప్యూటర్‌లో కార్డు మార్చాలన్నా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్నా మా వైపు పెళ్లి వీడియోలు తీసేవాళ్ళు ముందు నాకు ఫోన్ చేస్తారు. తిరుపతిలో మా ఇంటి ముందు గదే నా ఎడిటింగ్ గది. మావాళ్ళు ఈ పనిని మిక్సింగ్ అంటారు. రెండు మూడు కెమెరాలతో తీసిన పెళ్లిని ఒక వరసలో కలిపి, రంగులు సరిచేసి, అటు వియ్యంకుడికీ ఇటు వియ్యంకుడికీ కోపం రాకుండా ఇద్దరి బంధువులనూ సరిసమానంగా చూపించి ఇవ్వడం. ఇరవై ఏళ్లకు పైగా అదే చేస్తున్నాను. చంద్రగిరి నుంచి చిత్తూరు దాకా ఏ స్టూడియోలో కొత్త పెట్టె దిగినా, "అక్క చూసిందా?" అని అడుగుతారు. చూడకపోతే ఆ పెట్టె టేపు కూడా విప్పరు.

నాకు ఇందులో గర్వం ఉండేది, దాచుకోవడం ఎందుకు. ఇంటర్నెట్‌లో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు చల్లటి గదిలో కూర్చుని ఈ కార్డు అద్భుతం, ఆ సాఫ్ట్‌వేర్ అమోఘం అని చెబితే నాకు ఒళ్ళు మండేది. వాడి గదిలో హోమం పొగ లేదు, మేళం లేదు, కరెంటు పోదు. నా పరీక్ష వేరు. ఏ సామానైనా మూడు రోజులు నా దగ్గర ఉండాలి. మొదటి రోజు దానికి ముహూర్తం ఘట్టం ఇస్తాను. మూడు కెమెరాలు, పొగ, అందరూ ఒక్కసారి లేచి అక్షింతలు వేయడం, అడ్డం వచ్చే తలకాయలు, అన్నీ అందులోనే ఉంటాయి. పని సగంలో ఉండగా ప్లగ్గు లాగేస్తాను. మళ్ళీ పెట్టినప్పుడు చేసిన పని చేసినట్టే ఉంటే అది సాఫ్ట్‌వేర్, లేకపోతే సోకు. రెండో రోజు మిట్టమధ్యాహ్నం ఎండలో ఫ్యాన్ ఆపేసి నడుపుతాను. మూడో రోజు రంగు చూస్తాను.

రంగు చూడటం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయనకు చంద్రగిరిలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కోట చూడటానికి వచ్చినవాళ్ళకు రాజమహల్ ముందు నిలబెట్టి ఫోటోలు తీసేవాడు. తెలుపు చూడు, మిగతా రంగులు వాటంతట అవే దారికొస్తాయి అనేవాడు. అందుకే నేను స్క్రీన్ మీద పెళ్లికొడుకు మధుపర్కం పంచె తెలుపు చూసి మంచిచెడు చెబుతాను. ఇంకో సూత్రం కూడా చెప్పాడు. అది ఆయన మాటల్లోనే చెప్పాలి.

"కుడి కన్ను కూలికి పోయొచ్చిన కన్ను మే. పొద్దస్తమానం కెమెరాలో పెట్టి సూసి సూసి అలిసిపోయుంటాది. ఎడమ కన్ను ఇంట్లో కూర్చోనుండే కన్ను. రంగు సంగతి దాన్నే అడగల్ల."

నేను కెమెరా పట్టింది పెళ్లికి ముందు నాలుగైదేళ్లు. ఆ తర్వాత నా కుడి కన్ను ఏ కూలికీ పోలేదు. అయినా రంగు చూసేటప్పుడు కుడి కన్ను అరచేత్తో మూసుకోవడం అలవాటైపోయింది. మా వైపు స్టూడియోల వాళ్ళలో సగం మంది నన్ను చూసి అలాగే చేస్తారు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ నాయనను అడగలేదు.

ఒక రెండేళ్లుగా నాకు స్క్రీన్‌లు నచ్చడం లేదు. ఏది తెరిచినా పంచె తెలుపు పచ్చగా కొడుతోంది. ఈ మధ్య కంపెనీల వాళ్ళు అన్నిటికీ పసుపు పులిమి పంపిస్తున్నారని తిట్టేదాన్ని. చిత్తూరులో ఒక స్టూడియో అతను ఉన్నాడు, నన్ను సొంత అక్కలా చూసేవాడు. అతను తెచ్చిన మూడు స్క్రీన్‌లు వరసగా వెనక్కి పంపించాను. చివరికి తప్పనిసరి అయి, పసుపు ఎంత తగ్గించాలో, నీలం ఎంత పెంచాలో లెక్క కట్టి అందరికీ చెప్పాను. వాళ్ళు బుద్ధిగా కాగితం మీద రాసుకుని వెళ్లారు. నేను మిక్సింగ్ చేసిన పెళ్లిళ్లన్నీ అదే లెక్కలో పోయాయి.

ఒక మంగళవారం పొద్దున పది గంటలకు చిత్తూరు నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళది బెల్లం మండీ. అంతకుముందు మాఘమాసంలో వాళ్ళ అమ్మాయి పెళ్లి జరిగింది. స్టూడియో మధ్యలో లేకుండా నేరుగా నాకే ఇచ్చారు ఆ పని. పెన్‌డ్రైవ్‌ను పసుపుకుంకుమ పొట్లంలా చేతి రుమాల్లో చుట్టి తెచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏందమ్మా ఇది? మా పాప తాడు తెల్లగుండాది."

నాకు అర్థం కాలేదు. ఏ తాడు అని అడిగాను.

"తాళి కట్టేటప్పుడమ్మా! పసుపుతాడు తెల్లగా కనబడతా ఉండాది. నేనే నా చేతుల్తో కొమ్ము అరగదీసి పూసినా ఆ తాడుకి. పసుపు యాడికి పోయింది? వాళ్ళత్త అందరితో కూర్చోని సూస్తా సూస్తా, తెల్లతాడు కట్టించుకోనొచ్చినావా మే అని అనేసి, అన్నం కాడ్నించి లేసిపోయినాది. ఆ పొద్దు నించి మా పాప కండ్లనీళ్ళు ఆగలేదు."

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ తల్లి భయంతో వణికిపోతోంది, చూస్తూనే ఉన్నాను. ముహూర్తం వేళ పసుపుతాడు తెల్లగా కనబడటం అంటే మా వైపు ఆడవాళ్ళకు అది వీడియో తప్పు కాదు. నేనూ మెడలో తాడు ఉన్నదాన్నే, నాకూ తెలుసు. అయినా నా పనిని తప్పు పట్టిందని నాకు రోషం వచ్చింది.

"మీ టీవీ బాగలేదమ్మా. సెట్టింగు మార్చుకోండి. నా దగ్గర రంగు తప్పదు" అన్నాను.

"అయితే నీ దాంట్లోనే సూపీ" అంది.

పెట్టాను. తాళి కట్టే ఘట్టం దగ్గర ఆపాను. అలవాటు కొద్దీ కుడి కన్ను మూసుకుని చూశాను. తాడు నిండు పసుపుతో మెరుస్తోంది. ఇదిగో చూడండి అని గెలిచినట్టు ఆమె వైపు తిరిగాను. ఆమె స్క్రీన్ దాకా వంగి చూసింది. మెల్లగా నా మొహం చూసింది.

"ఈడ కూడా తెల్లగానే ఉండాది కదమ్మా" అంది.

నేను అరిచాను. ఏమని అరిచానో పూర్తిగా గుర్తులేదు. ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ఇంత మాట అనలేదనీ, చూడటం రాకపోతే నేనేం చేసేదనీ అన్నట్టున్నాను. ఆమె పెన్‌డ్రైవ్ నా బల్ల మీదే పెట్టేసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వాకిట్లోకి వెళ్లాక ఒకసారి ఆగి, మా పాపకు ఏమీ కాదు కదమ్మా అని అడిగింది. నేను తలుపు వేసేశాను.

ఆ కోపంలోనే వంటింట్లోకి వెళ్లి, ఎండబెట్టిన మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చున్నాను. నాకు కోపం వస్తే చేతికి ఏదో ఒక పని కావాలి. కాసేపటికి చెమట తుడుచుకోబోయి ఎడమ కంట్లో కారం పెట్టుకున్నాను. మంట నషాళానికి అంటింది. నీళ్ళు కొట్టుకున్నా తగ్గలేదు. కన్ను తెరవలేకపోయాను. అదే సమయానికి చిత్తూరు స్టూడియో తమ్ముడు ఫోన్ చేశాడు. అతను పంపిన నాలుగో స్క్రీన్ మూడు రోజులుగా నా దగ్గర ఉంది, ఏమైందని.

"ఉండప్పా, ఇప్పుడే చెప్తా" అని, ఎడమ కంటికి తడిగుడ్డ అదుముకుని వెళ్లి స్క్రీన్ ముందు కూర్చున్నాను. ఆ స్క్రీన్ గురించి నా తీర్పు అప్పటికే సిద్ధంగా ఉంది. ఇది కూడా పసుపే, పంపించేయ్ అని చెప్పబోతున్నాను.

పంచె తెల్లగా ఉంది. ఉతికి నీలం పెట్టి ఆరేసినంత తెల్లగా ఉంది. ఇంకా చెప్పాలంటే కొంచెం నీలంగా కూడా ఉంది. నేను మిక్సింగ్ చేసిన పెళ్లే అది, ఆ బెల్లం మండీ వాళ్ళదే. చూపు కిందికి దించాను. పెళ్లికూతురి మెడ దగ్గర, పెళ్లికొడుకు వేళ్ళ మధ్య, తాడు పాలిపోయి ఉంది. నూలుపోగులా ఉంది. ఆ తల్లి చెప్పింది నిజం.

తడిగుడ్డ తీసి, మంటతోనే ఎడమ కన్ను తెరిచి, కుడిది మూశాను. పంచె మీగడ రంగులోకి మారింది. తాడు పచ్చబడింది. మళ్ళీ ఎడమది మూశాను. తెలుపు. మళ్ళీ కుడిది మూశాను. మీగడ. కారం వల్ల అనుకుని పది నిమిషాలు కూర్చున్నాను. మంట తగ్గింది. మీగడ పోలేదు. ఫోన్‌లో చిత్తూరు తమ్ముడు అక్కా, అక్కా అంటూనే ఉన్నాడు. తర్వాత చెప్తానని పెట్టేశాను.

స్క్రీన్‌ను నమ్మలేక ఇల్లంతా తిరిగాను. ఉప్పు డబ్బా తెరిచి చూశాను. గోడ చూశాను. దేవుడి పటానికి పెట్టిన మల్లెపూలు చూశాను. కుడి కంటికి అన్నీ తెల్లగా ఉన్నాయి. ఎడమ కంటికి అన్నీ రెండు రోజుల పాతవి. ఏ సామాను పరీక్షించినా ఒకే పని మూడుసార్లు చేయించి చూడాలన్నది నా నియమం. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ఒకటే. వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయాను. నా జీవితంలో అంత భయం అంతకుముందు ఎప్పుడూ వేయలేదు. ప్రసవానికి వెళ్ళినప్పుడు కూడా లేదు. అక్కడ పక్కన పదిమంది ఉన్నారు. ఇక్కడ నా కన్ను, నేను.

నేను చదివింది ఇంటర్. నాకు వచ్చింది చూడటం ఒక్కటే. అక్క చూసిందా అని అడిగే అక్కకు చూపే లేకపోతే ఇక మిగిలేది ఏమిటి?

ఎవరికీ చెప్పలేదు. మా ఆయనది శ్రీ సిటీలో ఫ్యాక్టరీ పని. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రానికి వస్తాడు. మరునాడు కాఫీ ఇస్తూ ఆయన తెల్ల చొక్కాను ఒక కంటితో ఒకసారి, ఇంకో కంటితో ఒకసారి చూస్తున్నాను.

"ఏందిమే, పొద్దున్నే కన్ను కొడతా ఉండావు? ఈ వయసులో ఏం మొదులుపెట్టినావు?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆయన బస్సుకి వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను.

వారం రోజులు అలాగే గడిపాను. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో పనిచేసేదాన్ని. మధ్యాహ్నానికి తలనొప్పి. ఇంకొక దిక్కుమాలిన పని కూడా చేశాను. ఫోన్‌లో రోగం వెతికాను. ఊళ్ళోవాళ్ళనందరినీ ముక్కూ మొహం తెలియనివాడు రాసింది నమ్మొద్దని తిట్టినదాన్ని, నేనే వాళ్ళు రాసిందల్లా చదివాను. పొర అన్నాడు ఒకడు. నరం అన్నాడు ఒకడు. తలలో గడ్డ అని ఇంకొకడు. చదివిన ప్రతి రోగమూ నాకు ఉంది. మధ్యలో చిత్తూరు తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను ఫోన్ ఎత్తకపోవడం అదే మొదటిసారి.

చివరికి నన్ను ఆసుపత్రికి పంపింది ధైర్యం కాదు. ఒక రోజు గేటు దగ్గర పాలు పోయించుకుంటూ, పాలు పచ్చగా ఉన్నాయేమని పాలావిడతో గొడవ పెట్టుకోబోయి, నోరు తెరిచి, కుడి కన్ను తెరిచి, నోరు మూసుకున్నాను. ఇక ఏది చూసి ఏది అంటానో నాకే నమ్మకం పోయింది. ఆ రోజే వెళ్లాను.

కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. అరగంటలో ఎదురుగా ఉన్న బోర్డు మీది అక్షరాలు చెదిరిపోయాయి. చుట్టూ కూర్చున్న మనుషులు మసకలుగా మిగిలారు. చుక్కల వల్లేనని నర్సు చెప్పింది. చెప్పినా సరే, ఇలాగే ఉండిపోతే ఎలా ఉంటుందో ఆ రెండు గంటలూ చూశాను. పక్కన ఎవరో ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని బాత్రూమ్‌కి వెళుతున్నాడు. నేను ఎవరి చెయ్యి పట్టుకుంటానని లెక్క వేసుకున్నాను. మా ఆయన చెయ్యి తప్ప దగ్గరలో ఏదీ తోచలేదు. ఆయనకు ఇంకా చెప్పనే లేదు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. గడ్డం ఆనించే యంత్రం ముందు కూర్చోబెట్టి చాలాసేపు చూసింది.

"షుగర్ ఉందా అమ్మా?"

"ఆరేండ్లుగా ఉండాది."

"ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరింది. పసుపు రంగు పొర. దాని వల్లే మీకు అన్నీ పచ్చగా కనబడుతున్నాయి. కుడి కంట్లో ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. దానికి ఇంకా టైముంది. ఎడమదానికి ఆపరేషన్ చేసేద్దాం. ఎన్నాళ్ళనించి ఇలా ఉంది?"

నేను రెండేళ్లు అనలేకపోయాను. ఒక వారం అన్నాను. ఆమె నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

పొర అనగానే ప్రాణం లేచి రావాలి. తలలో గడ్డ కాదు, నరం కాదు. ముసలివాళ్ళందరికీ చేసే ఆపరేషనే. కానీ తర్వాత గదిలో ఒక అమ్మాయి కూర్చుని నా ముందు ఒక అట్ట పెట్టింది. అందులో కంట్లో పెట్టే లెన్స్‌ల బొమ్మలు ఉన్నాయి. ఇది దూరానికి, ఇది దగ్గరికి, ఇది రెండిటికీ. ఇది అద్దంలా తేటగా ఉంటుంది, ఇందులో కంటికి మంచిదని లేత పసుపు కలిపి ఉంటుంది. మీరు ఏది కావాలో చెప్పండి అంది.

పసుపు అన్న మాట దగ్గర ఆ అమ్మాయిని ఆపాను.

"ఒకసారి పెట్టి సూసుకోవచ్చా?" అని అడిగాను.

ఆ అమ్మాయి నవ్వింది. "చీర కాదు కదమ్మా, కట్టి చూసుకోవడానికి."

ఎగతాళికి అనలేదు, మాటవరసకే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మూడు రోజులు దగ్గర పెట్టుకోకుండా ఒక్క మౌస్ కూడా కొనమని ఎవరికీ చెప్పినదాన్ని కాను. ఇప్పుడు చచ్చేదాకా దేనితో చూడాలో ఆ సామాను అట్ట మీద బొమ్మ చూసి ఎంచుకోవాలి. ప్లగ్గు లాగి చూడటానికి లేదు. ఎండలో నడిపి చూడటానికి లేదు. నచ్చకపోతే వెనక్కి పంపడానికి లేదు. వాడినవాళ్ళను అడుగుదామంటే బయట వరండాలో ఆకుపచ్చ గుడ్డలు కట్టుకుని కూర్చున్న పెద్దలు ఉన్నారు. వెళ్లి అడిగాను కూడా. ఒకామె, బాగానే ఉండాది మే, బియ్యంలో రాళ్ళు కనబడతా ఉండాయి అంది. నాకు రాళ్ళు కాదు, తెలుపు కావాలి.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను.

"ఆ పొద్దు కన్ను కొట్టింది ఇందుకా?" అన్నాడు. ఆ తర్వాత లేచి, కుట్టుమిషను పెట్టెలోంచి టేపు తెచ్చి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా కంటి నుంచి స్క్రీన్ దాకా కొలిచాడు. ఇరవై ఆరు అంగుళాలు. దాన్ని ఒక చీటీ మీద రాసి ఇచ్చి, "ఈ దూరానికి కావల్లని సెప్పు డాక్టర్‌కి. మిగతాది ఆయమ్మ సూసుకుంటాది" అన్నాడు. డాక్టరమ్మ ఆ చీటీని చూసి, నా పని ఏమిటో అడిగి, తేట లెన్స్ పెడతానంది. ఆమె నిర్ణయమే నిర్ణయం అన్నాను. నాలాంటిది అలా అనడం నా చెవులకే కొత్తగా ఉంది.

ఆపరేషన్ బల్ల మీద మెలకువగానే ఉంచారు. మొహం మీద గుడ్డ, ఒక్క కంటికి కన్నం. వెలుగు తప్ప ఏమీ లేదు. యంత్రం సన్నగా కూస్తోంది. ఆ కూత వింటూ నేను గోవిందా గోవిందా అనుకోవాలి. అనుకున్నాను కూడా. కానీ మధ్య మధ్యలో పాడు బుద్ధి వేరే దారి పట్టింది. ఈ యంత్రానికి కరెంటు పోతే ఏం చేస్తారు? బ్యాటరీ ఉందా? దీని సాఫ్ట్‌వేర్‌ను ఈ పొద్దే ఎవరైనా మార్చారా? పని మధ్యలో ఉండగా సాఫ్ట్‌వేర్ మార్చొద్దని నేను అందరికీ చెబుతాను, ఇక్కడ ఎవరైనా చెప్పారా? డాక్టరమ్మ నర్సుతో మెల్లగా ఏదో అంది. కాళ్ళు ముడుచుకోబోయాను. కదలొద్దమ్మా అని నర్సు నా చెయ్యి పట్టుకుంది. వెలుగులో ఏదో మడతపెట్టిన గాజు కాగితం లాంటిది వచ్చి విప్పుకుంది. అంతే, అయిపోయింది అన్నారు.

మరునాడు పొద్దున గుడ్డ విప్పారు. ముందుగా డాక్టరమ్మ కోటు కనబడింది. అది తెలుపు. అంత తెలుపు నేను మరిచిపోయాను. గోడ, దుప్పటి, కిటికీలోంచి మేఘం. కుడి కన్ను మూసి చూశాను. కుడి కన్ను చూపించే తెలుపు కంటే ఇదే తెలుపు. డాక్టరమ్మ ఎదురుగానే వెక్కి వెక్కి ఏడ్చాను. నీళ్ళు రానివ్వకండి అని ఆమె కేకలు వేసింది.

ఆ సంతోషం ఇంటికి వచ్చేదాకా ఉంది. స్క్రీన్ చూడొద్దన్న రోజులు గడిచాక, మొదట ఆ బెల్లం మండీ వాళ్ళ పెళ్లి తెరిచాను. పెళ్లంతా నీలంగా ఉంది. పెళ్లికూతురి పసుపు కాళ్ళు బూడిద పూసినట్టున్నాయి. తలంబ్రాలు చప్పగా ఉన్నాయి. తర్వాత ఇంకొక పెళ్లి తెరిచాను, ఇంకొకటి తెరిచాను. రెండేళ్లుగా నేను ముట్టిన ప్రతి పెళ్లికూతురూ చలికి వణికినట్టుంది. ఇవన్నీ ఇళ్ళల్లో ఉన్నాయి. టీవీల్లో వేసుకుని చూస్తున్నారు. నేను చెప్పిన లెక్క రాసుకుని స్టూడియోల వాళ్ళు చేసినవి ఇంకెన్ని ఉన్నాయో. వాళ్ళ మొహం ఎలా చూడాలి? కన్ను పోతుందని భయపడ్డాను. కన్ను వచ్చాక ఈ భయం పట్టుకుంది.

రెండు రోజులు కూర్చుని ఆ పెళ్లిని మళ్ళీ మొదటినుంచి చేశాను. రెండు కళ్ళూ తెరిచే చేశాను. నల్లద్దాలు పెట్టుకుని చిత్తూరు బస్సు ఎక్కాను. పూతలపట్టు వచ్చేదాకా ఆ తల్లికి ఏం చెప్పాలో, అక్కడినుంచి చిత్తూరు దాకా స్టూడియో తమ్ముడికి ఏం చెప్పాలో నోట్లో నోట్లోనే తిప్పుకున్నాను.

మండీలో ఆ తల్లి నన్ను చూసి లేచి నిలబడింది. తప్పు నాదేనమ్మా, నా కంట్లో పొర వచ్చి నాకు తెలియలేదు అన్నాను. అనుకున్న మాటల్లో అవే మిగిలాయి. ఆమె కొత్త పెన్‌డ్రైవ్ తీసుకుని అక్కడే గుమాస్తా కంప్యూటర్‌లో పెట్టించి చూసింది. తాడు పసుపుగా ఉంది. వెంటనే కూతురికి ఫోన్ చేసి, మీ అత్తకు ఇప్పుడే చెప్పు, ఏమీ లేదు, ఆయమ్మకు కండ్లు కనబడలేదంట అని గట్టిగా చెప్పింది. మండీలో అందరూ నా వైపు చూశారు. తలదించుకుని నిలబడ్డాను. వెళ్ళేటప్పుడు ఒక బెల్లం దిమ్మ చేతిలో పెట్టింది. షుగర్ ఉందని చెప్పలేక తీసుకున్నాను.

స్టూడియోలో తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. నల్లద్దాలు చూసి కంగారుపడితే, కంట్లో పొర తీయించుకున్నానని మాత్రం చెప్పాను. నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెస్తానని పక్క హోటల్‌కి వెళ్లాడు. అతని స్క్రీన్ మీద ఎవరిదో పెళ్లి తెరిచి ఉంది. నేను వెనక్కి పంపిన స్క్రీన్‌లలో ఒకటే అది. కంపెనీకి తిరిగి పోలేదన్నమాట. తాళి కట్టే ఘట్టమే ఉంది. పసుపు పసుపులాగే ఉంది, పంచె పంచెలాగే ఉంది. ఇదేమిటి, నా లెక్క వాడలేదా అని రంగుల పట్టీ తెరిచాను. వాడాడు. నా లెక్క తు.చ. తప్పకుండా ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది. నేను తగ్గించినదంతా పెంచుతూ, పెంచినదంతా తగ్గిస్తూ భద్రపరుచుకున్న సెట్టింగు. దానికి పేరు కూడా పెట్టుకున్నారు. అక్క తర్వాత అని.

కాఫీ తెచ్చిన తమ్ముడు నా వెనక ఆగిపోయాడు.

"ఎన్నాళ్ళాయె ఇది?" అన్నాను.

"సమచ్చరం పైనే అయిందక్కా."

"నువ్వొక్కడివేనా?"

అతను చేతిలోని కాఫీ గ్లాసు వంక చూస్తూ, "అందరి దగ్గరా ఉండాది. చంద్రగిరోళ్ళే ముందు చేసినారు. మాకందరికీ పంపించినారు" అన్నాడు.

నేను బస్సులో నోట్లో తిప్పుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. రెండేళ్లుగా వాళ్ళు నా గదికి వచ్చి, కుడి కన్ను మూసుకుని, నేను చెప్పింది తలలూపుతూ రాసుకుని, ఇంటికి వెళ్లి దాన్ని, నేను మిక్సింగ్ చేసి పంపినవాటిలో కూడా, చెరుపుకున్నారు. ఎవరి పెళ్లీ పాడు కాలేదు, మధ్యలో ఎవరూ లేకుండా నాకే వచ్చినవి తప్ప.

"ఒక్కరన్నా చెప్పకపోతిరే నాకు?" అన్నాను.

"ఎట్ల చెప్పేదక్కా? మొదట్లో నువ్వు అరుస్తావని చెప్పలేదు. తర్వాత..." కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "తర్వాత నువ్వు భయపడతావని చెప్పలేదు."

నేను ఆ పేరు వంకే చూస్తూ కూర్చున్నాను. అతను వంగి, నా చేతి కిందినుంచి మౌస్ తీసుకుని, బాణం గుర్తును ఆ పేరు మీదికి తెచ్చాడు.

"ఇంక దీంతో పనిలేదు కదక్కా. తీసేస్తా."

"ఉంచప్పా" అన్నాను. "కుడి కంట్లో కూడా మొదులైందంట."